కందకయుద్ధ సాహిత్యమున వీరరసము

మొదటి ప్రపంచసంగ్రామమును వర్ణించిన ఐరోపా రచనలలో వీరరసము సన్నగిల్లినదని పలువురు విమర్శకుల మాట. రచయితల శాంతికాముకతయే ఇందులకు హేతువని సాధారణముగా చెప్పుదురు. ఈ సమాధానము చాలదని మా అభిప్రాయము. యుద్ధము జరిగిన పద్ధతియే రససామగ్రిని మార్చినదని ఇచట నిరూపింప యత్నింతుము.

వీరమునకు స్థాయి ఉత్సాహము. ఆలంబనము జయింపదగిన శత్రువు. తిక్కన ద్రోణపర్వమున అభిమన్యునితో తలపడిన మహారథులు పేరుపేరున కానవత్తురు. వ్యూహద్వారమున పాండవుల నడ్డగించినవాడు సైంధవుడని శ్రోత ఎఱుగును. పశ్చిమరంగమున ఇట్టి ఆలంబనము లేదు. 1914 చివరినుండి అచట సేనలు ముందువరుస, సహాయకవరుస, వెనుకవరుస అను కందకములలో వంతులవారీగా నిలిచినవి. ఎదుట ముండ్లతీగెలు, వాని కావల మరతుపాకులు. ఫిరంగిగుండు మైళ్ల దూరమునుండి వచ్చి పడును, ప్రేల్చినవాడు కానరాడు. 1916 జూలై 1న సోమ్ ప్రాంతమున ఒక్కదినమున 19,240 మంది బ్రిటిషు సైనికులు మడిసిరి. చంపినవాని ముఖమైన చూడక కూలినవారే వారిలో పెక్కురు.

బార్బూస్ 1916లో ప్రకటించిన 'అగ్ని' నవలకు 'ఒక దళము దినచర్య' యని ఉపశీర్షిక. నాయకుడు వ్యక్తి గాక దళమగుట గమనింపదగినది. వేచియుండుటయే పనియైనచోట వీరోచిత చేష్టకు తావు లేదు. రెమార్క్ 1929 నాటి నవలలో ఈ విషయము మఱింత స్పష్టము. ఫిరంగిగుండు త్రవ్విన గోతిలో పాల్ బోయిమర్ ఒక ఫ్రెంచి సైనికుని పొడుచును. అతడు ప్రాణములు విడుచువఱకు ప్రక్కనే ఉండవలసివచ్చును. మృతుని పత్రములవలన అతని పేరు దువాల్ అనియు, వృత్తి ముద్రణాలయమున కంపోజిటరు పని యనియు తెలియును. ప్రాచీన కావ్యమున వీరమును పోషించిన శత్రునామమే ఇచట కరుణమునకు విభావమైనది.

యుంగర్ 1920లో ప్రకటించిన 'ఉక్కు తుపానులలో' అను గ్రంథమున ఉత్సాహము కలదు గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని అది పరాకాష్ఠ నందునది 1918 మార్చి దాడి ఘట్టమున. అప్పటికి జర్మనుసేన చిన్నదళములుగా విడివడి, బలమైన స్థావరములను తప్పించి లోనికి చొచ్చుకొనిపోవు పద్ధతి నవలంబించినది. దళనాయకుని నిర్ణయమునకు మరల చోటు కలిగినది. దానితో ఉత్సాహమును మరల కలిగినది. అయినను, ఆ దాడిలోనే చేజిక్కిన ఆంగ్లసైనికుడు తన కుటుంబపు ఛాయాచిత్రమును చూపగా యుంగర్ పిస్తోలు దించెను. కావున ఈ గ్రంథమును మా వాదమును బలపఱచునదే.

యుద్ధరచనలను పరిశోధించువారు రచయిత ఆశయమునకు ముందు యుద్ధతంత్రమును తెలిసికొనవలెను. లేనిచో వీరరసాభావము రచయిత గుణముగనో దోషముగనో తోచును గాని ఆలంబనలోపముగా తోచదు.