వేక్‌ఫీల్డు పాదిరిగారును ధవళేశ్వరపు రాజశేఖరుడును



ఈ మాసము రెండు కథల పుస్తకములనుగూర్చి మీతో ముచ్చటింపగోరుచున్నాను. భక్తి వ్యాసములు వెలువడు పత్రికలో నవలల మాట యెందుకని మీలో కొందరడుగవచ్చును. మన ప్రభువు కథలు చెప్పియే జనులకు బోధించెను గనుక ఇందు దోషము లేదని తలంచుచున్నాను. అంతేకాదు, ఈ రెంటిలో మొదటిది ఒక పాదిరిగారి యింటి కథ. ఆయన ఒక సంఘమును విడిచి మరియొక సంఘమునకు భార్యాబిడ్డలతో తరలిపోయిన కథ. రెండవది మన గోదావరి యొడ్డున పుట్టినది. మొదటి పుస్తకపు ఛాయ రెండవదానిమీద స్పష్టముగా పడియున్నది.

మొదటి పుస్తకము పేరు ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. ఆలివర్ గోల్డ్‌స్మిత్ వ్రాసిన యీ నవల 1766లో ఇంగ్లండులో వెలువడెను. గ్రంథకర్త ఐర్లండు దేశములో ఒక పాదిరిగారి యింట పుట్టినవాడు. ఆయన పసివాడుగా ఉండగానే తండ్రికి వేరొక సంఘము అప్పగింపబడినందున కుటుంబమంతయు లిస్సాయి అను గ్రామమునకు తరలిపోయెను. కాబట్టి సామాను కట్టుకొని ఊరు మారుట యన నేమో ఆ యింటివారికి తెలిసిన సంగతియే. తరువాతి కాలమున ఆయన ఇంటి అద్దె చెల్లింపలేక చిక్కుపడగా, ఆయన మిత్రుడు డాక్టర్ జాన్సన్ ఈ వ్రాతప్రతిని 60 పౌనులకు అమ్మిపెట్టెనని ప్రసిద్ధి.

రెండవది కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’. పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించి 1919లో పరమపదించిరి. వారు తమ ‘వివేకవర్ధని’ పత్రికలో 1878 మొదలు దీనిని ప్రకటించి, 1880లో పుస్తకముగా అచ్చువేయించిరి. తెలుగు నవలలలో దీనికి తొలి స్థానము ఇచ్చువారు పెక్కుమంది. 1887లో దీని ఆంగ్లానువాదము ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేరుతో లండనులో వెలువడెను. అనగా ఇంగ్లండునుండి మన ధవళేశ్వరమునకు వచ్చిన కథ మరల ఇంగ్లండునకు అతిథిగా పోయినదన్నమాట.

ఇక వేక్‌ఫీల్డు పాదిరిగారి సంగతి వినుడు. ఆయన పేరు డాక్టర్ ప్రిమ్‌రోజ్. భార్య డెబోరా, బిడ్డలు ఆరుగురు. 14,000 పౌనుల ఆస్తి యుండుటచేత, సంఘమువలన సంవత్సరమునకు వచ్చు 35 పౌనులను పాదిరుల విధవరాండ్రకును తలిదండ్రులు లేని వారి బిడ్డలకును విడిచిపెట్టెను. అయితే ఆ సొత్తు దాచియుంచిన వర్తకుడు దివాలా తీసి పారిపోయెను. అప్పుడు పాదిరిగారు సంవత్సరమునకు 15 పౌనుల జీతముగల ఒక చిన్న సంఘమును ఒప్పుకొని, ఇంచుమించు 70 మైళ్ల దూరము ప్రయాణమైరి. అక్కడ వారికి దొరికినది పూరికప్పు ఇల్లు, కొద్దిపాటి పొలము.

క్రొత్త ఊరిలో మొదటి ఆదివారము వచ్చినది. డెబోరాయు కుమార్తెలును మునుపటివలెనే తల దువ్వి, నేల జీరాడు పట్టు గౌనులు తొడుగుకొని బయటికి వచ్చిరి. పాదిరిగారు గంభీరముగా కుమారుని పిలిచి, బండి తెప్పించుమనిరి. వారికి బండి యెక్కడిది! ఇది ఎగతాళి. ఇంత వేషముతో గుడికి నడచిపోయినచో ఊరి పిల్లలు వెంటబడి గేలి చేయుదురని ఆయన మందలించిరి. మరునాడు కుమార్తెలు ఆ గౌనుల జీరాడు అంచులను కత్తిరించి, చిన్నపిల్లలిద్దరికి ఆదివారపు చొక్కాలు కుట్టిరి.

కళాశాలలో చదువుకొను దినములలో ఈ ఘట్టము చదివి నేను కడుపుబ్బ నవ్వితిని. తరువాత వేదాంత విద్యాలయములో నా తోటి విద్యార్థులకు దీనిని చెప్పి నవ్వించితిని. భార్యను అదుపులో పెట్టుకొనిన పాదిరిగారికి ఇది మంచి మాదిరి యని కూడ అనుకొంటిని. ఇప్పుడు నాకు ఏబది యేండ్లు దాటినవి. ఆరు సంఘములు మారితిని. మొన్న వేసవిలో ఈ పుస్తకమును మరల చదివి, ఒకనాటి రాత్రి భోజనములైన తరువాత ఆ గౌనుల ఘట్టమును నా భార్యకు తెలుగులో వినిపించితిని. ఆమె చింతపండులో గింజలు తీయుచు వినుచుండెను. నవ్వునని కనిపెట్టితిని. ఆమె నవ్వలేదు.

“ఆవిడకి ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారాండీ?” అని అడిగెను.

నేను జవాబు చెప్పలేకపోతిని. మరునాడు పుస్తకమంతయు తిరుగవేసితిని. పొరుగున ఫ్లాంబరోగారి కుటుంబమున్నది. వారు వచ్చుదురు, ఆటలాడుదురు. అయితే డెబోరా తన మనస్సు విప్పి చెప్పుకొనుటకు ఒక స్త్రీ నాకు ఆ పుస్తకములో కనబడలేదు. ఎందుచేత ననగా కథ చెప్పువారు పాదిరిగారే. ఆయన చూచినదే మనము చూచుచున్నాము. ఆమె దాచుకొనిన కన్నీరు ఆయన చూడలేదు, కాబట్టి మనకును లేదు. చెప్పువారి గ్రుడ్డితనమును కూడ చదువరికి కనబరచవలెననియే గ్రంథకర్త ఇట్లు వ్రాసెనని పండితులనవచ్చును. అది నిజమే కావచ్చును. అయినను నావంటి చదువరి పాదిరిగారి ప్రక్కన కూర్చుండి నవ్వెనే గాని, డెబోరా ప్రక్కన కూర్చుండలేదు.

చదువరులారా, ఇక్కడ నా సంగతి యొకటి మీ యెదుట ఒప్పుకొనవలెను. నా మొదటి బదిలీ కోనసీమలోని ఒక పల్లెకు. కొబ్బరితోటల నడుమ కాలువగట్టున ఇల్లు. వెళ్లిన వారమునకే క్రిస్మసు వచ్చినది. నా భార్య తన తల్లి పెట్టిన పట్టుచీర కట్టుకొని గుడికి వచ్చెను. ఆరాధన ముగిసిన తరువాత పెద్దలలో ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, “పాస్టరమ్మగారికి పట్టుచీరలూ, మనకి గుడి కప్పుకి డబ్బుల్లేకపోవడమూనా అండీ!” అని నవ్వుచు అనిరి. నేను ఇంటికి వచ్చి ఆ చీర ఇక కట్టవద్దంటిని. అది ఎవరిచ్చినదో ఆ పెద్దకు చెప్పలేదు. నా భార్యతో కూడ వేరొక మాట అనలేదు. సంఘము మెచ్చుకొనవలెనను కోరిక నాలో నిండియుండెను. ఆ చీర పెట్టెలోనే ఉండి నాతో తరువాతి అయిదు సంఘములును తిరిగినది.

మొన్నటి ప్రశ్న తరువాత నేను సిగ్గుపడి, ఈ పండుగకు ఆ చీర కట్టుకొమ్మని ఆమెను అడిగితిని. ఆమె పెట్టె తెరచి చూపించెను. ఇన్నేండ్లు మడతలోనే ఉండుటచేత పట్టు మడతల పొడుగున చిట్లిపోయినది. “ఇంక కట్టడానికి పనికిరాదండీ” అని తిరిగి లోపల పెట్టెను. క్షమించుమని అడిగితిని. క్షమించెను. చీర మాత్రము బాగుపడలేదు.

ఇప్పుడు మన గోదావరి పుస్తకమునకు వత్తము. వీరేశలింగం పంతులుగారు ఆ పాదిరిగారి అంగీ తీసివేసి, ధవళేశ్వరములో ఒక బ్రాహ్మణ గృహస్థునిగా నిలువబెట్టిరి. పంతులుగారు ఆ ఊరిలో ఉపాధ్యాయులుగా కొంతకాలము పనిచేసినందున ఆ గోదావరి యొడ్డును ఎరిగి వ్రాసిరి. రాజశేఖరుడు ధనవంతుడు, మంచివాడు, ముఖస్తుతికి లొంగువాడు. బంగారము చేసి యిత్తునని నమ్మించిన బైరాగివలన మోసపోయి బీదవాడగును. భార్య మాణిక్యాంబను, కుమార్తెలైన రుక్మిణీ సీతలను, కుమారుడు సుబ్రహ్మణ్యమును వెంటబెట్టుకొని కాశీకి బయలుదేరును. త్రోవలో దొంగలు పడుదురు. రుక్మిణి తనవారికి దూరమగును. మిగిలినవారు పెద్దాపురమునకు చేరువనున్న భీమవరములో నిలిచిపోవుదురు.

ఈ మార్పులో ఒక నష్టము, ఒక లాభము ఉన్నవని నా అభిప్రాయము. నష్టమేమనగా, సంఘము పోయినది. ప్రిమ్‌రోజ్ పాదిరిగారు ఎంత పొరబాటు మనిషియైనను, అప్పుచేత చెరసాలలో పడినప్పుడు అక్కడి ఖైదీలకు సువార్త చెప్ప మొదలుపెట్టెను. వారు ఎగతాళి చేసినను మానలేదు. తనకు అప్పగింపబడినవారు ఎక్కడనుంటే అదియే తన సంఘమని ఆయన ఎరుగును. రాజశేఖరుడును చెరసాల చూచెను గాని, అతనికి మంద లేదు. అతని ప్రయాణము ఒక గృహస్థుని కష్టము మాత్రమే. పిలుపునకు లోబడి చేసిన ప్రయాణము కాదు.

లాభమేమనగా, కుమార్తెకు కాళ్లు వచ్చినవి. ఇంగ్లీషు కథలో పెద్దకుమార్తె ఒలీవియా మోసపోయి, తండ్రి వెదకి తెచ్చువరకు దుఃఖించును. మన రుక్మిణి పురుషవేషము వేసికొని తనను తాను కాపాడుకొనును. తండ్రి చూడని చోట ఆమె బ్రదుకు సాగుచున్నది. ఆ సంగతి చదువరికి తెలియుచున్నది. స్త్రీల చదువు కొరకును వితంతువుల వివాహముల కొరకును పాటుపడిన పంతులుగారికి ఇది తోచుట వింత కాదు. ఈ యొక్క విషయమున శిష్యుడు గురువును మించెనని నేను చెప్పుదును.

రెండు పుస్తకములలోను నాకు నచ్చని దొకటి కలదు. తుదిలో చిక్కులన్నియు మారువేషములోనున్న ఒక గొప్పవాడు విప్పును. అక్కడ సర్ విలియం థార్న్‌హిల్. ఇక్కడ పెద్దాపురపు కృష్ణజగపతి మహారాజు. పోయిన సొమ్ము వచ్చును, పోయిన బిడ్డ వచ్చును. మన పాదిరుల యిండ్లలో అట్లు జరుగుట నేను చూడలేదు. నడి సంవత్సరములో బడి మారిన పిల్ల పోగొట్టుకొనిన పాఠములను ఏ మహారాజును తెచ్చియియ్యడు.

మన సొంత పుస్తకములు మాత్రము వీటికంటె మెరుగా? మన సేవకుల జీవితచరిత్రలు, వర్ధంతినాడు పంచిపెట్టు చిన్న పుస్తకములు తీసి చూడుడు. పుట్టిన తేదీ, అభిషేకపు తేదీ, సేవచేసిన సంఘముల పట్టిక, కట్టించిన గుడులు. భార్యనుగూర్చి ఒక్క వాక్యము: సాధ్వి, సహధర్మచారిణి. 1836లో గ్రోవ్స్‌గారితో ఓడయెక్కి, తరువాత నరసాపురము చేరి సేవ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ అనువారు ఇద్దరును భార్యాసమేతులై వచ్చినవారే. ఆ ఇద్దరు దొరల పేర్లు మనకు నోటికి వచ్చును. ఆ ఇద్దరు స్త్రీల పేర్లు మీలో ఎందరికి తెలియును?

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమున మనకంటె న్యాయముగా ఉన్నది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమున గుడారములలో కాపురమున్న అబ్రాహామును పొగడిన భక్తుడు, వెంటనే శారా విశ్వాసమును వేరుగా చెప్పెను. అబ్రాహామునకు పిలుపు వచ్చినది; గుడారము ఊడబెరికినప్పుడు ఆమెయు వంటపాత్రలు మూటగట్టియే యుండును. పేతురు భార్య తన భర్తతోకూడ సంచరించెనని 1 కొరింథీయులకు 9వ అధ్యాయమువలన తెలియుచున్నది. ఆమె పేరు మనకు తెలియదు గాని, ఆమె నడచినదని పౌలు మరువలేదు.

కాబట్టి చదువరులారా, ఈ రెండు పుస్తకములను దొరికిన యెడల చదువుడి. నవ్వుడి; నవ్వదగినవే. అయితే చదువునప్పుడు ప్రతి అధ్యాయముకడను నా భార్య అడిగిన ప్రశ్న అడుగుడి. అటుతరువాత, మీ ఊరికి క్రొత్త పాస్టరుగారు వచ్చు దినమున, సామాను దించుచున్న ట్రాక్టరు దగ్గర పురుషులు ఆయన చుట్టు మూగియుండగా, స్త్రీల సమాజమువారు ఇద్దరు ముగ్గురు వంటయింటిలోనికి వెళ్లుడి. నీళ్లు ఎక్కడ పట్టుకొనవలెనో, పాలు ఎవరు పోయుదురో, పిల్లల బడి ఎక్కడనో చెప్పుడి. వెనుకటి అమ్మగారు ఎంత మంచివారో ఆ దినమున చెప్పకుడి. ఆమె కట్టుకొనిన చీర ఎవరిచ్చినదని అడుగవలెనన్న, ప్రేమతో ఆమెనే అడుగుడి. బదిలీలు పిల్లల పరీక్షలైన తరువాత జరుగునట్లు మీ పెద్దలద్వారా మనవి చేయుడి. పోవుచున్న కుటుంబమునకు వీడ్కోలు సభ చేయునప్పుడు దండ ఒక్కరికే వేయక, పిల్లలను కూడ పేరు పెట్టి పిలిచి ప్రార్థింపుడి.

తోటి సేవకులారా, మీతోను ఒక మాట. సంఘము మెప్పుకొరకు ఇంటివారిని చిన్నబుచ్చుట వైరాగ్యము కాదు. నేను దానిని వైరాగ్యమని పిలిచి ఇరువది యేండ్లకు పైగా మోసపోయితిని.

మారువేషపు మహారాజు మన పల్లెలకు రాడు. మీరే వెళ్లి తలుపు తట్టవలెను. ప్రతి గుడారమును ఎరిగిన దేవుడు మన పాదిరుల యిండ్లను, వాటిలో పెట్టెలు సర్దుచున్న చేతులను దీవించును గాక. ఆమేన్.