ఒడంబడిక ఒకటి, వాచకాలు రెండు

ఉద్దానం తీరాన అక్కుపల్లి ఇసుక తిప్పలు మొదలుకొని శ్రీకాకుళం పట్టణం వరకు గల నేల యావత్తు ఒకప్పుడు చికాకోల్ సర్కారు. శ్రీకాకుళంలో 1641లో కట్టిన జామియా మసీదు ఆ పాత పాలనకు నేటికీ సాక్షి. ఈ సర్కారు చేతులు మారిన తీరును గమనించండి. మొగల్ పాదుషా షాహ్ ఆలం 1765లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా ద్వారా ఇచ్చివేశాడు. నిజాం అలీఖాన్ దానిని అంగీకరించలేదు. అందువల్ల 1766 నవంబరు 12న హైదరాబాదులో కంపెనీ వేరే ఒడంబడిక చేసుకొని, సర్కారులకు ప్రతిగా ఏటా సొమ్ము చెల్లించడానికి ఒప్పుకున్నది. అందులో చికాకోల్ వంతు 2 లక్షల రూపాయలు. రెండేళ్లు తిరగకుండానే, 1768లో, మరొక ఒడంబడిక వచ్చింది. పాదుషా ఫర్మానా చెల్లుతుందని అందులో నిజాం చేత ఒప్పించారు. ఏటా ఇచ్చే సొమ్ము ఇక స్నేహానికి గుర్తు మాత్రమే! హైదరాబాదు దర్బారుకు మాత్రం అది పేష్కష్. చివరకు 1823లో ఏకమొత్తం చెల్లించి కంపెనీ ఆ లెక్కను మూసివేసింది. నేల అదే, సొమ్ము అదే, మారినది మాట.

ఆ మాటల బేరం మన తీరానికే పరిమితం కాదు. అవే దశాబ్దాలలో, అప్పుడే పుట్టిన అమెరికా రిపబ్లిక్కు ఉత్తర ఆఫ్రికాలోని ముస్లిం రాజ్యాలతో ఇదే వ్యవహారం నడిపింది. ఆ ఒడంబడికలను గురించి మన సభలలోను, పత్రికలలోను వినవచ్చే కొన్ని మాటలను విమర్శించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ట్రిపోలీ ఒడంబడిక 11వ అధికరణాన్ని మన వక్తలు ఎంతో ఇష్టంగా ఉదహరిస్తారు. అమెరికా ప్రభుత్వం క్రైస్తవ మతం పునాదిగా ఏర్పడినది కాదనీ, ముస్లిముల ధర్మశాస్త్రంతో గాని మతంతో గాని దానికి వైరం లేదనీ, మతాభిప్రాయాల సాకుతో ఉభయుల సామరస్యం చెడరాదనీ దాని సారాంశం. ఒడంబడికపై ట్రిపోలీలో 1796 నవంబరులో సంతకాలయ్యాయి. 1797 జూన్ 7న అమెరికా సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించగా, 10న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకం చేశాడు. ఇంతవరకు నిజమే. "చూశారా, అమెరికా స్థాపకులు ముస్లిములకు ఇచ్చిన మాట!" అని మనవారు చప్పట్లు కొట్టించుకునేది కూడా ఇక్కడే.

అయితే ఆ ముస్లిములు సంతకం చేసిన అరబీ ప్రతిలో ఆ అధికరణం లేదు. 1930లో డచ్చి పండితుడు స్నూక్ హుర్‌ఖ్రొన్యే అరబీ ప్రతిని పరిశీలించగా, 10, 12 అధికరణాల నడుమ అల్జీర్స్ దే ట్రిపోలీ పాషాకు వ్రాసిన ఒక ఉత్తరం కనిపించింది. అది ఏ విశేషమూ లేని ఉత్తరం. ఇంగ్లీషు అనువాదం పేరు మీద చలామణి అయినది అల్జీర్స్‌లోని అమెరికా కాన్సల్ జోయెల్ బార్లో ప్రతి. బార్లో కవి కూడాను. ఆ అధికరణం అందులోకి ఎలా వచ్చిందో నేటికీ తేలలేదు.

మరి దానికి విలువ లేదా? ఉన్నది, మనవారు చెప్పే విలువ మాత్రం కాదు. సెనేటర్ల ముందుకు వచ్చినది ఇంగ్లీషు ప్రతి, వారు ఒప్పుకున్నదీ దానినే. అమెరికా రాజ్యాంగం 6వ అధికరణం ప్రకారం ఒడంబడికలు దేశపు సర్వోన్నత చట్టంలో భాగం. కాబట్టి 1797లో ఆ దేశపు పెద్దలు తమ ప్రభుత్వాన్ని గురించి ఏ మాటకు అభ్యంతరం చెప్పలేదో తెలుసుకోవడానికి అది గట్టి సాక్ష్యం. ముస్లిములకు ఏమి చెప్పారన్న దానికి అది సాక్ష్యం కాదు. పైగా 1801లో ట్రిపోలీతో యుద్ధం వచ్చి, 1805లో వేరే ఒడంబడిక జరిగింది. ముస్లిములతో వైరం లేదన్న మాట అందులో నిలిచింది, క్రైస్తవ పునాది లేదన్న వాక్యం పోయింది. 1797 నాటి మాటను ఉదహరించేవారు 1805 నాటి సంగతి కూడా చెప్పాలి గదా?

ఇదే తప్పును మన ప్రత్యర్థులు రెండో వైపు నుంచి చేస్తారు. 1786 మార్చిలో లండనులో ఆడమ్స్, జెఫర్సన్‌లు ట్రిపోలీ రాయబారి అబ్దుర్రహ్మాన్‌ను కలుసుకున్నారు. తమకు ఏ హానీ చేయని జాతుల మీద యుద్ధమెందుకని వారు అడిగితే, అది తమ ప్రవక్త ధర్మం మీద, ఖుర్‌ఆన్ మీద ఆధారపడి ఉన్నదని రాయబారి బదులిచ్చినట్లు వారు మార్చి 28న జాన్ జేకు నివేదిక పంపారు. ఇస్లాంను నిందించాలనుకున్న ప్రతివారికీ ఈ నివేదిక కంఠస్థం. రాయబారి తన భాషలో ఏమన్నాడో చెప్పే కాగితం లేదు. ఉన్నది ఎదుటి పక్షం ఇంగ్లీషు నివేదిక. రాయబారితో అంతకు ముందు జరిగిన సంభాషణ ఇటాలియన్, వచ్చీరాని ఫ్రెంచి కలగలిసిన భాషలో నడిచిందని ఆడమ్సే వ్రాశాడు. ఇక శాశ్వత శాంతికి రాయబారి పలికిన ధర 30,000 గినీలు, తన సొంతానికి 3,000 పౌన్లు. ధర్మశాస్త్రం ఏదైనా అది నూటికి పదిచొప్పున దస్తూరీ నిర్ణయించదు. ఇది ఓడల మీద, బందీల మీద బతికే ఒక రాజ్యపు వర్తకం. దానిని దీనుకు అంటగట్టింది ముందుగా ఆ రాయబారే అయితే, తప్పు అతనిది కూడా అని మనం వెనుకాడకుండా చెప్పాలి.

అదే ఏడు మరొక ముస్లిం పాలకుడు ఏమి చేశాడో ఆ నిందకులు చెప్పరు. మొరాకో సుల్తాన్ సీదీ ముహమ్మద్ 1777 డిసెంబరులోనే అమెరికా ఓడలకు తన రేవులు తెరిచాడు. 1784లో వారి ఓడ నొకదానిని పట్టించాడు, నిజమే. అది ఒడంబడికకు తొందరపెట్టడానికి. 1786లో థామస్ బార్‌క్లేతో కుదిరిన ఆ ఒడంబడికలో ఏటేటా కప్పం లేదు. అల్జీర్స్ సంగతి వేరు. 1785లో రెండు ఓడలను, 21 మంది నావికులను పట్టుకొని, 1795లో ఏటా 12,000 సెక్విన్‌ల విలువగల ఓడసామగ్రికి ఒప్పించుకున్నది. పుచ్చుకునేవాడు కప్పమన్నదానిని ఇచ్చేవాడు కానుక అంటాడు. చికాకోల్ పేష్కష్ కథకు ఇది తోబుట్టువు. అక్కడ ఇచ్చేది కంపెనీ, ఇక్కడ అమెరికా.

ఒడంబడికలో మాట ఎంత బరువైనదో మనకు ఒకరు నేర్పవలసిన పని లేదు. హిజ్రీ 6లో హుదైబియా వద్ద ఖురైషుల ప్రతినిధి సుహైల్ 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటకు అభ్యంతరం చెప్పగా, దైవప్రవక్త (స) దానిని చెరిపించి 'అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్' అని వ్రాయించారు. సహాబీలకు అది ఎంత బాధ కలిగించిందో సీరా గ్రంథాలు చదివినవారికి తెలుసు. అయినా ఉభయులూ ఒప్పుకున్న మాటే కాగితం మీద నిలవాలన్నది అక్కడి నియమం. వార్త వస్తే విచారించి గాని నమ్మవద్దన్న సూరా హుజురాత్ 6వ ఆయతు కూడా ఉన్నది. మనకు గిట్టని నివేదికకు ఆ ఆయతు వర్తింపజేసి, నచ్చిన అధికరణానికి దానిని మరచిపోవడం న్యాయమా?

కాగితం మీది మాటకు, నేల మీది బతుకుకు గల దూరం వేరే సంగతి. పైన చెప్పిన 6వ అధికరణంలోనే, ప్రభుత్వ పదవులకు మత పరీక్ష ఉండరాదని కూడా వ్రాశారు. ఆ నిబంధన వల్ల రేపు మహమ్మదీయుడు అధ్యక్షుడైతే ఏమిటని 1788 జూలైలో ఉత్తర కరొలైనా సభలో వాదన వచ్చింది. జేమ్స్ ఐర్‌డెల్ ఆ నిబంధనను గట్టిగా సమర్థించాడు. మరుసటి ఏడు నవంబరులో ఫాయెట్‌విల్ పట్టణంలో సమావేశమైన రెండో సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది.

వారు ఊహలో చర్చించిన ముస్లిం 1810లో నిజంగానే ఆ పట్టణానికి వచ్చాడు. ఫూటా టోరోలో పుట్టి, చదువుకొని, 1807లో ఓడలో చార్ల్స్‌టన్‌కు బానిసగా తేబడిన ఉమర్ ఇబ్న్ సయీద్, దక్షిణ కరొలైనాలోని క్రూరుడైన యజమాని నుంచి పారిపోయి ఫాయెట్‌విల్‌లో పట్టుబడ్డాడు. చెరసాల గోడల మీద బొగ్గుతో అరబీలో వ్రాశాడు. అధికారులకు అది వింత గీతలుగానే కనిపించింది. ఓవెన్ కుటుంబం అతణ్ణి కొనుక్కున్నది. 1831లో అతడు తన జీవితకథను అరబీలోనే వ్రాసి, ముందుగా సూరా ముల్క్‌ను పెట్టాడు. ఆధిపత్యం అల్లాహ్ చేతిలో ఉన్నదని ప్రారంభమయ్యే సూరా అది. తన యజమానులకు చదవరాని భాషలో ఒక బానిస దానిని ఎందుకు ఎంచుకున్నాడో పాఠకులే ఆలోచించగలరు. ఆ వ్రాతప్రతిని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2017లో కొని భద్రపరిచింది.