నేల ఉసిరికపై పరిశోధనలు: ఒక విమర్శ

కృష్ణపట్నము మొదలు పులికాటు సరస్సు వరకు గల నెల్లూరు తీరభూములలో వానలు పడిన పిమ్మట నేల ఉసిరిక మొలచును. పచ్చకామెర్లు సోకినవారికి దీనిని నూరి మజ్జిగలో కలిపి యిచ్చుట మనవారికి చిరకాలపు వాడుక. ఈ మొక్కపై నేడు వెలువడుచున్న వ్యాసములలో తరచు కనబడు వాదన యిది: దీనియందు ఆక్సీకరణ నిరోధక శక్తి మెండు, కనుక కాలేయమునకు మేలు. ఈ "కనుక" అను మాట ఎంతవరకు నిలుచునో చూతము.

మొదటి చిక్కు పేరులోనే యున్నది. నేల ఉసిరిక యనునది ఒకే మొక్క కాదు. ఫిల్లాంథస్ ప్రజాతిలోని పెక్కు జాతులకు అదే పేరు చెల్లుచున్నది. అమారస్ జాతి పుష్పమునకు రక్షకపత్రములు ఐదు, ఫ్రాటెర్నస్ జాతికి ఆరు. ఎండి పొడియైన పిదప ఈ భేదము కంటికి దొరకదు. పైగా మన గ్రంథములు చాలకాలము వీనిని నిరూరి యనియే వ్రాసినవి. అసలు నిరూరి అమెరికా ఖండపు మొక్క యని 1950 దశకములో వెబ్‌స్టర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు స్పష్టపరచెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన కృష్ణమూర్తి, శేషాద్రి గార్లు 1946లో ఫిల్లాంథిన్ అను పదార్థమును గూర్చియు, 1960 దశకములో రామచంద్రరావు గారు, వారి సహచరులు దాని నిర్మాణమును గూర్చియు ప్రకటించిన ప్రశస్తమైన వ్యాసములలో సైతము మొక్క పేరు నిరూరియే. జాతులను పోల్చి చూచినచో ఫిల్లాంథిన్ చెప్పుకోదగినంతగా నుండునది అమారస్‌లోనే. కావున అంగడిలో కొన్న పొడిని పరీక్షించి, జాతిని నిర్ధారింపక ఫలితమును ప్రకటించుట పునాది లేని గోడ వంటిది.

రెండవది పరీక్షకు సంబంధించినది. డి.పి.పి.హెచ్. అను ఊదారంగు ద్రావణములో మొక్క కషాయమును కలిపి, రంగు ఎంత విరిగెనో కొలుతురు. 1958లో బ్లాయిస్ ప్రకటించిన ఈ పద్ధతి సులువు, చౌక. మన కళాశాలలలో సైతము చేయవచ్చును. అయితే రంగును విరుగగొట్టునది ముఖ్యముగా జెరానిన్, కోరిలాజిన్ వంటి టానిన్‌లు. అనగా స్వేచ్ఛగా నున్న ఫినాలిక్ హైడ్రాక్సిల్ సమూహములు గల పదార్థములు. ఫిల్లాంథిన్‌లో అట్టి సమూహము ఒక్కటియు లేదు. ఉన్నవన్నియు మెథాక్సీ సమూహములే. కాబట్టి ఏ పదార్థమువలన ఈ మొక్క ప్రసిద్ధికెక్కినదో దానిని ఈ పరీక్ష దాదాపు గుర్తింపనే గుర్తింపదు. టానిన్‌లు అధికముగా గల కరక్కాయ కూడ ఇందులో సులభముగా నెగ్గును.

మూడవది దేహము గాజునాళిక కాకపోవుట. పెద్ద టానిన్ అణువులు ప్రేగులలో యథాతథముగా రక్తములో చేరుట బహుస్వల్పము; అక్కడి సూక్ష్మజీవులు వానిని వేరు పదార్థములుగా మార్చును. ఆక్సీకరణ నిరోధకమైనంత మాత్రమున మేలని చెప్పలేము. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగువారిపై జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో, బీటా కెరోటిన్ పుచ్చుకొన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతము హెచ్చినది.

ఇక మనుష్యులపై పరీక్ష. మద్రాసు పరిశోధకులు 1988లో ప్రకటించిన దానిలో, అమారస్ పొడి పుచ్చుకొన్న 37 మంది హెపటైటిస్-బి వాహకులలో 22 మంది రక్తమునుండి వైరస్ ఉపరితల ప్రతిజనకము తొలగినది. ఉత్తుత్తి మందు పొందిన 23 మందిలో ఒక్కరికే. ఎంతో ఆశ గొలిపిన ఈ ఫలితము ఇతరులు చేసిన పరీక్షలలో నిలువలేదు. 2011 నాటి సమగ్ర సమీక్షకు సైతము నమ్మదగిన సాక్ష్యము దొరకలేదు. అయినను ఆ మద్రాసు పద్ధతి సరియైనది: జాతిని నిర్ణయించిరి, రోగులను పోల్చిరి, ఇతరులు సరిచూచుటకు వీలు కల్పించిరి.

ఈ విచారణ పండితులకే పరిమితము కాదు. హెపటైటిస్-ఎ వలని కామెర్లు సాధారణముగా కొన్ని వారములలో వాటంతట అవే తగ్గును. పేరు మాత్రము పసరుకు దక్కును. హెపటైటిస్-బి అట్లు కాదు. కొందరిలో ఏండ్ల తరబడి నిలిచి కాలేయమును గట్టిపరచి, క్యాన్సరుకు దారితీయును. దానిని అదుపులో నుంచు మందులు, రాకుండ కాపాడు టీకా నేడు గలవు. పసరును నమ్మి రక్తపరీక్ష మానుకొన్న రోగి పోగొట్టుకొనునది విలువైన కాలము.

కావున మన పరిశోధకులు ముందు మొక్కను వృక్షశాస్త్రజ్ఞునకు చూపి, నమూనాను భద్రపరచి, ఫిల్లాంథిన్‌ను తూచి, ఆపై మాటాడవలెను. రంగు విరిగినదని చెప్పుట శాస్త్రమే. రోగము కుదిరినదని దానినుండి ఊహించుట శాస్త్రము కాదు.