విమానధ్వనియు లూ షున్ గద్యమును

చీనాదేశమున సేనానాయకులు తమలోఁ దాము పోరాడిన కాలమున నగరములపై నాకసమునుండి బాంబులు పడుట 1917 లోనే కానవచ్చును. ఆ యేఁటి జూలైలో బాలుఁడగు పూయీని చాంగ్ షున్ మరల సింహాసన మెక్కింపఁగా, గణతంత్రపక్షమువారి విమాన మొకటి పీకింగు రాజప్రాసాదముపై మూఁడు బాంబులను విడిచెను. ఒకటి పల్లకీబోయీ నొకనిని గాయపఱచెను, ఒకటి పేలనేలేదు. 1926 ఏప్రిలు నాఁటికిది నిత్యకృత్యమయ్యెను. ఫెంగ్ యూషియాంగ్ పక్షమువారి వశముననున్న పీకింగుపైఁ జాంగ్ త్సోలిన్ పక్షపు విమానములు పలుమాఱు బాంబులు వైచినవి. ఆ నగరముననే యుండి లూ షున్ ఏప్రిలు 10 న వ్రాసిన చిన్న గద్యఖండమే యిచట విమర్శింపఁబడుచున్నది. 1927 లో వెలువడిన “అడవిగడ్డి” యను సంపుటమున నిది కడపటిది.

ఇందలి మొదటి యుపమయే పండితులకుఁ గంటగింపగును. ప్రతిదినము పూర్వాహ్ణమున వచ్చు విమానములను లూ షున్ బడిలోఁ బాఠము జరుగుటతోఁ బోల్చినాఁడు. ఉపమేయము మృత్యువాహనము, ఉపమానము పిల్లల చదువు. మన యాలంకారికుల తూనికలో నిది హీనోపమయని త్రోసివేయవలసినదే. ఒక మిత్రుఁడు నాతో నట్లే యనెను. కాని సాధారణధర్మ మేది? ఘోరత్వము గాదు, నియతకాలత్వము. గంట మ్రోఁగినట్లు మృత్యువు వచ్చుచుండఁగా జనులు దాని కలవాటుపడిరి. ప్రళయమేఘముతోఁ బోల్చియున్నచో దోషము లేకుండెడిది, విశేషార్థమును లేకుండెడిది. మన యుద్ధవర్ణనములలో నిట్టి నిర్దుష్టమేఘములు ఎన్ని లేవు!

ఈ యుపమలో మఱియొక ముల్లు గలదు. లూ షున్ ఉపాధ్యాయుఁడు. అంతకు నెలదినములలోపలనే, మార్చి 18 న, అదే నగరమున నూరేగింపుగాఁ బోయిన విద్యార్థులను ప్రభుత్వభటులు కాల్చి చంపిరి. మృతులలో నతని శిష్యురాండ్రును గలరు. పాఠమను మాట యతని నోట నల్పమగునా?

ప్రేలుడు వినఁబడిన పిదప నతఁడు శవములను వర్ణింపఁడు. కిటికీవెలుపలి లేయాకులు ఎండలో మెఱయుటయు, పూచిన చెట్టును, బల్లమీఁది దుమ్మును దుడుచుటయుఁ జెప్పి, యువరచయితల వ్రాఁతప్రతులను దిద్దఁ గూర్చుండును. దీనిని శాంతరసమని కొందఱందురేమో. నే నొప్పుకొనను. ఆ ప్రతుల వెనుకనున్న యువకుల బాధయుఁ గోపమును అతని కన్నులముందు నిలుచుచునే యున్నవి.

శీర్షికను గూర్చి యొక మాట. అందలి చీనా యక్షరమును ఒకరీతిఁ బలికిన మేలుకొనుట. వేఱొకరీతిఁ బలికిన నిద్ర. మన శబ్దశ్లేష చెవిది, ఇది కంటిది. ఖండాంతమున రచయిత దీపమువెలుఁగునఁ గన్నుమూసి, దీర్ఘస్వప్నము గని, మేలుకొనుటచే రెండర్థములును గావలసినవే. ఆంగ్లానువాదమున మెలకువ మాత్రమే మిగిలినది. తెనుఁగు సేయువారు దీనికి “మేలుకొలుపు” అని పేరిడకుందురు గాక. అది మనకు దేవుని లేపు పాట. “ఒక కునుకు” అన్నచోఁ గొంత నయము.