‘బెర్రీ’ అనే మాట : వాడుక, నిర్వచనం

‘స్ట్రాబెర్రీ బెర్రీ కాదు, అరటిపండు, వంకాయ మాత్రం బెర్రీలే.’ తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపడతారు. దానితోపాటు, ఇంగ్లీషువారు తమ పండ్లకు తప్పు పేర్లు పెట్టుకొన్నారనే అభిప్రాయం కూడా వారి మనస్సులలో నాటుకొంటుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో విచారించవలసి ఉన్నది.

‘బెర్రీ’ చాల పాత మాట. ప్రాచీన ఇంగ్లీషులో అది ముఖ్యంగా ద్రాక్షపండుకు చెల్లినది. స్ట్రాబెర్రీ అనే పేరు కూడ ఆ కాలపుదే. చిన్నదై, రసము కలిగి, తినుటకు వీలైన పండు ఏదైనను జనుల వాడుకలో బెర్రీయే.

శాస్త్రార్థం తరువాత వచ్చినది. లిన్నేయస్ 1751లో ప్రకటించిన ‘ఫిలసోఫియా బొటానికా’లో ‘బాక్కా’ అనే లాటిన్ పదాన్ని ఒక ఫలజాతికి వాడినాడు. దానికి సాటిగా ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞులు ‘బెర్రీ’ని గ్రహించినారు. నేటి నిర్వచనం ప్రకారం, ఒకే అండాశయం నుండి ఏర్పడి, ఫలకవచమంతయు కండగలదై, టెంక లేక గుజ్జులో గింజలున్న ఫలమే బెర్రీ. ద్రాక్ష, టొమాటో, వంకాయ, అరటి ఇందులో చేరుతాయి. స్ట్రాబెర్రీలో మనము తినే కండ అండాశయం కాదు, ఉబ్బిన పుష్పాసనం. దానిపై గింజలవలె కనబడేవే అసలు ఫలాలు.

కనుక జనులు పొరపడలేదు. వారి మాటనే శాస్త్రం తీసికొని, దాని అర్థాన్ని బిగించినది. తరువాత వచ్చిన నిర్వచనంతో ముందున్న వాడుకను తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ భేదం ఒకసారి న్యాయస్థానం దాకా పోయినది. అమెరికాలో 1883 నాటి సుంకాల చట్టం దిగుమతి కూరగాయలపై పన్ను విధించినది. టొమాటో పండు గనుక పన్ను లేదని వర్తకులు వాదించినారు. శాస్త్రరీత్యా అది ఫలమే అయినను, జనుల వాడుకలో కూరగాయ అని అక్కడి సుప్రీంకోర్టు 1893లో తీర్పు చెప్పినది.

తెలుగులో బెర్రీకి ‘మృదుఫలం’ అనే పారిభాషిక పదం ఉన్నది. పాత అర్థపు బరువు లేకపోవడం దీని గుణం. అయితే ‘మృదు’ అనే విశేషణం ఒక్కటే చాలదు. మామిడిపండు మెత్తనిదే, కాని దాని ఫలకవచపు లోపొర గట్టిపడి టెంక అయినది గనుక అది మృదుఫలం కాదు. పేరునుబట్టి నిర్వచనాన్ని ఊహించే విద్యార్థి ఇక్కడనే తడబడతాడు.

ఉపాధ్యాయులు ‘స్ట్రాబెర్రీ బెర్రీ కాదు’ అని ఊరకొనక, ‘వృక్షశాస్త్ర నిర్వచనం ప్రకారం కాదు’ అని చెప్పుట మేలు. ఆపైన ఒక టొమాటోను, ఒక మామిడికాయను అడ్డంగా కోసి చూపినచో, ఆ నిర్వచనానికి ఆధారమేదో విద్యార్థి తన కన్నులతోనే చూడగలడు.