కలుపా, కూరా? జహీరాబాదు సేద్య పదజాలం – ఒక పరిశీలన

పర్యావరణహిత సేద్యంపై వెలువడే పరిశోధనల్లో జీవవైవిధ్యం సాధారణంగా జాతుల సంఖ్యగానూ, ఆహార భద్రత తలసరి ధాన్యపు లెక్కగానూ కనిపిస్తాయి. ఈ లెక్కలకు ముందే భాషాపరమైన నిర్ణయం ఒకటి జరిగిపోతుంది. దేన్ని పంట అనాలి, దేన్ని కలుపు అనాలి, దేన్ని ఆహారంగా లెక్కించాలి అన్నదే ఆ నిర్ణయం. దీని పరిశీలనకు సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు మెట్టప్రాంతం తగిన క్షేత్రం. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి నడిచిన దళిత మహిళా సంఘాలు అక్కడ జొన్న, కంది, కొర్ర, సామ వంటివాటిని మిశ్రమంగా సాగుచేస్తూ విత్తనాలను ఇళ్లలోనే కాపాడుకున్నాయి. ఈ అనుభవాన్ని గురించిన రచనల్లో పంటల జాబితాకు దక్కిన ప్రాధాన్యం ఆ స్త్రీల మాటలకు దక్కలేదు.

చేలో తనంత తానుగా మొలిచే దొగ్గలికూర, జొన్నచెంచలికూర, తుమ్మికూర వ్యవసాయశాస్త్ర పరిభాషలో కలుపు మొక్కలు. స్త్రీల వాడుకలో మాత్రం వాటి పేరులోనే కూర ఉంది. కలుపు అన్న మాట పీకి పారవేయమంటుంది. కూర అన్న మాట ఒడిలో వేసుకోమంటుంది. కలుపుమందు చల్లిన చేలో ధాన్యపు దిగుబడి తగ్గకపోవచ్చు. భూమిలేని ఇంటి కూర మాత్రం పోతుంది. ఆ మొక్కను ఆహారంగా గుర్తించని గణాంకాల్లో ఈ నష్టం నమోదు కాదు.

నీటి తడి లేకుండా శీతకాలంలో పండే పంటలను అక్కడి స్త్రీలు ‘సత్యం పంటలు’ అంటారు. దీన్ని ‘నీటివసతి లేని రబీ పంటలు’ అని తిరగరాస్తే స్థితి తెలుస్తుంది, విలువ జారిపోతుంది. శాస్త్రపరిభాష లేమిని చెప్పిన చోట స్త్రీల మాట నమ్మకాన్ని చెబుతున్నది.

పేరు పెట్టే అధికారం విధానాల్లోనూ కనిపిస్తుంది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చినప్పుడు అందులో చిరుధాన్యాలు కిలో 1 రూపాయికి ఇవ్వదగిన ‘ముతక ధాన్యాలు’గా ఉండేవి. 2018లో కేంద్రప్రభుత్వం వీటినే ‘పోషక ధాన్యాలు’గా ప్రకటించింది. నగరపు అంగళ్లలో చిరుధాన్యాలు ‘సిరిధాన్యాలు’ అయ్యాయి. ముతక అన్న పేరులో పేదల తిండి పట్ల చిన్నచూపు ఉన్నది. సిరి అన్న పేరుతో వచ్చిన ధర ఆ పేదలకే అందడం లేదు. ఈ నామకరణాల్లో వేటికీ పండించినవారి పలుకుబడి ప్రమాణం కాలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటం ఇక్కడ స్మరణీయం. 1966లో ఐ.ఆర్.8 వరి వంగడం రావడానికి ముందటి సేద్యపు పలుకుబడిని అది పదిలపరచింది. మాండలిక భేదాల అధ్యయనానికి ఆకరమైన ఆ గ్రంథాన్ని సేద్య జీవవైవిధ్యానికి సాక్ష్యంగానూ చదవవలసి ఉన్నది.

అయితే ఈ పఠనానికి ఒక పరిమితి ఉన్నది. ఒకే పేరు ప్రాంతాన్ని బట్టి వేర్వేరు మొక్కలకు చెల్లవచ్చు. ఒకే మొక్కకు పలు పేర్లు ఉండవచ్చు. కనుక పేర్ల సంఖ్యను జాతుల సంఖ్యగా భావించరాదు. ప్రతి పదంతోపాటు మొక్క నమూనా, కార్తె, నేల, వంటలో వాడుక, చెప్పినవారి నివాసం నమోదైనప్పుడే ఆ పదం రెండు శాస్త్రాలకూ ఆధారమవుతుంది. ఈ నమోదు వృక్షశాస్త్రజ్ఞుడు ఒక్కడే చేయగలిగినది కాదు. తెలుగు పరిశోధకుడు కూడా ఆ చేనిగట్టుకు చేరవలసి ఉన్నది. దొగ్గలిని కూరగా ఎరిగిన తరం ఇంకా చేలలో ఉండగానే ఆ పని జరగాలి.