లాస్ట్ ర్యాంకు చెప్పని సంగతులు

ప్రవేశ పరీక్షల ఫలితాలు వచ్చిన వారం నుంచి కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: "ఈ ర్యాంకుకి సీటొస్తుందాండీ?" జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని అడుగుతారు, చుట్టాల్లో ఇంజినీరింగ్ చదివిన కుర్రాణ్ణి అడుగుతారు, ఫోన్‌లో ర్యాంక్ ప్రెడిక్టర్‌నీ అడుగుతారు. వీళ్లందరి చేతిలో ఉండేది నిరుటి లాస్ట్ ర్యాంకుల కాగితమే. అందులో ఒక అంకె చూసి "వస్తుంది" అనో "రాదు" అనో చెప్పేస్తారు. ఆ మాట మీద పిల్లల నాలుగేళ్లో ఐదేళ్లో నిర్ణయమైపోతాయి. సీటు అవకాశాన్ని అంచనా వేయడం నిజంగా ఒక విద్య. దాన్ని చులకనగా చూడను. కానీ ఆ అంచనా వెబ్ ఆప్షన్ల జాబితాను కింద ఎక్కడిదాకా సాగదీయాలో చెప్పడానికే పనికొస్తుంది. పైన ఏం పెట్టాలో చెప్పడానికి పనికిరాదు. మనం మాత్రం ఎక్కువగా ఆ రెండో పనికే వాడుతున్నాం.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. సీట్లన్నీ కన్వీనరే భర్తీ చేసే కాలేజీలో 60 సీట్ల బ్రాంచి ఒకటి ఉందనుకోండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం, అంటే 51 సీట్లు లోకల్ అభ్యర్థులవి. గోదావరి జిల్లాల పిల్లలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తారు. ఆ 51లో బీసీ-బీకి 10 శాతం, అంటే ఐదు. అందులో మూడో వంతు ఆడపిల్లలకు, అంటే ఒకటో రెండో. ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ అయితే ఆ బ్రాంచి మొత్తానికి ఒక్క సీటు రావడమే కష్టం. కాబట్టి "ఏయూ లోకల్, బీసీ-బీ, బాలికలు" అన్న గడిలో కనిపించే లాస్ట్ ర్యాంకు ఒక కాలేజీ స్థాయిని చెప్పే కొలత కాదు, నిరుడు ఆ సీటు తీసుకున్న ఒక అమ్మాయి ర్యాంకు. ఆ అమ్మాయికి ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగ్ జోసాలో ఎన్ఐటీ దొరికి వెళ్లిపోయి ఉంటే ఆ అంకె వేలల్లో మారేది. ఓపెన్ కేటగిరీ అబ్బాయిల గడిలో పది పదిహేను మంది ఉంటారు గనుక అక్కడి అంకె కాస్త నిలకడగా ఉంటుంది. అంచనా చెప్పేవాళ్లు ఈ తేడా చూడాలి. గడి ఎంత చిన్నదైతే వాళ్ల గొంతులో ధీమా అంత తగ్గాలి. చేతులు మారి వచ్చే కాగితాల మీద ఆ ర్యాంకు మొదటి విడతదో చివరి విడతదో కూడా చాలాసార్లు ఉండదు. ఆ ఒక్క వివరం లేకపోతే కాగితం పక్కన పెట్టేయడమే మంచిది.

రెండో చిక్కు కాలంతో. 2023లో రాజమహేంద్రవరంలో, ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆ ఏడాది విజయనగరం, మచిలీపట్నం, నంద్యాలతో కలిపి ఐదు కాలేజీలు, కాలేజీకి 150 చొప్పున 750 సీట్లు. అంతకుముందు ఏడాది కటాఫ్ పట్టుకుని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ మీద లెక్క వేసినవాళ్ల కాళ్ల కింద నేలే మారిపోయింది. మార్కుల సంగతీ అంతే. 2024 నీట్‌లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకు మార్కులే 686. "650 వస్తే గవర్నమెంటు సీటు ఖాయం" లాంటి మాట ఒక ఏడాది అబద్ధం కావచ్చు, మరుసటి ఏడాది అవసరానికి మించిన జాగ్రత్త కావచ్చు. జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 2023లో సుమారు 11 లక్షలు, 2024లో 14 లక్షలు. కాబట్టి అదే 99 పర్సంటైల్ ఒక ఏడాది 11 వేల దగ్గరి ర్యాంకు, మరుసటి ఏడాది 14 వేల దగ్గరిది. పిల్లాడి చదువులో మార్పేమీ లేదు, అతని వెనకా ముందూ ఉన్న జనం మారారు. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరిక ఇచ్చేవాళ్లు నిరుడు ఎన్ని అడుగులు వచ్చిందో చూసి ఈ ఏడు చెప్పరు, ఎగువన భద్రాచలం దగ్గర ఈ రోజు నీటిమట్టం ఎంతో చూస్తారు. సీటు అంచనాకు ఆ ఎగువ కొలతలు మూడు: ఈ ఏడాది ఎంతమంది రాశారు, మార్కులు ఎలా పడ్డాయి, సీట్లు ఎన్ని పెరిగాయి లేదా తగ్గాయి. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేశాక కంప్యూటర్ సైన్స్ విషయంలో ఈ మూడో కొలతను వదిలేసి చెప్పిన జోస్యానికి విలువే లేదు.

అయితే అంచనా పూర్తిగా దండగా? కాదు. మూడు నాలుగేళ్ల లాస్ట్ ర్యాంకులు పక్కపక్కన పెట్టి, వాటిలో ఎక్కువ తక్కువల మధ్య దూరం చూస్తే ఒక పట్టీ దొరుకుతుంది. పిల్లాడి ర్యాంకు ఆ పట్టీకి బాగా ఇవతల ఉంటే దాదాపు ఖాయం, పట్టీలో పడితే సందేహం, బాగా అవతల ఉంటే ఆశ తక్కువ. "నాలుగేళ్లలో మూడేళ్లు ఈ ర్యాంకుకి వచ్చి ఉండేది" అన్న మాటలో "వస్తుంది" అన్న మాట కంటే నిజం ఎక్కువ. వినేవాళ్లకు అది నచ్చదు. తేల్చి చెప్పేవాడే తెలిసినవాడని మన నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీట్లు ర్యాంకు వరసలో కేటాయిస్తారు. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, అప్పటికి మిగిలి ఉన్న మొదటి ఆప్షన్ ఇస్తారు. పైన పెట్టిన పది కాలేజీలూ దొరక్కపోతే పదకొండోది దొరుకుతుంది. పై పదీ రాసినందుకు పదకొండోదాన్ని మీకంటే వెనక ర్యాంకువాడికి ఇవ్వరు. 2015 నుంచి ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు కలిపి కేటాయిస్తున్న జోసాలోనూ సూత్రం ఇదే. కాబట్టి తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో తాను కోరుకున్న బ్రాంచి రాదేమోనని దాన్ని జాబితాలోంచి తీసేసిన అమ్మాయికి వచ్చే లాభం సున్నా, పోయేది మాత్రం ఆ సీటే కావచ్చు. "మొదటి ఆప్షన్ వృథా చేసుకోకు" అన్న సలహా మన ఊళ్లలో పెద్దల నోట తరచూ వినిపిస్తుంది. అది ఈ పద్ధతికి పూర్తిగా విరుద్ధమైన మాట. అంచనా అవసరమయ్యేది జాబితా అడుగున. దాదాపు ఖాయం అనుకున్నవి చాలినన్ని లేకుండా జాబితా ముగిస్తే సీటే రాకపోవచ్చు. నిపుణుడి నేర్పంతా అక్కడే కావాలి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. కౌన్సెలింగ్ దాకా ఆగే వీలు అందరికీ ఉండదు, ప్రైవేటు యూనివర్సిటీలు ముందే ఫీజు కట్టమంటాయి, ఆ రోజుకి అవునో కాదో తేలాలి కదా అంటారు. నిజమే. అక్కడ అంచనాకు డబ్బు విలువ ఉంది. కానీ అప్పుడు కూడా అడగాల్సింది సీటొస్తుందా అని మాత్రమే కాదు, రాకపోతే ఎంత పోతుంది, వచ్చాక ఇక్కడ మానుకుంటే ఎంత వెనక్కిస్తారు అని. 2024-25కి యూజీసీ సెప్టెంబర్ 30లోగా మానుకుంటే మొత్తం ఫీజు తిరిగివ్వాలని చెప్పింది. ఆ ఏటికా ఏడు ఈ నిబంధన చూసుకుని, కాలేజీ చేత కాగితం మీద రాయించుకుంటే సందేహంతోనే నిర్ణయం తీసుకోవచ్చు. అనుభవమున్న లెక్చరర్లు కాగితం చూడకుండానే చెప్పగలరు కదా అన్నది ఇంకో మాట. అనుభవాన్ని గౌరవిస్తాను. అయితే సీటొచ్చిన పిల్లలు స్వీట్లు పట్టుకుని తిరిగి వస్తారు, రానివాళ్లు రారు. తప్పిన అంచనాలు చెప్పినవాళ్ల చెవిన పడవు. చెప్పినవన్నీ రాసిపెట్టుకుని డిసెంబర్‌లో సరిచూసుకునే లెక్చరర్ మాటకే నేను బరువిస్తాను.

అన్నిటికంటే ఖరీదైన అంచనా లాంగ్ టర్మ్ కోచింగ్ గురించి. "ఇంకో ఏడాది కూర్చుంటే మెడికల్ సీటు ఖాయం" అన్న మాటకు ఏ లాస్ట్ ర్యాంకూ ఆధారం కాదు, ఎందుకంటే అందులో ఇంకా రాయని పరీక్ష ఉంది. ఆ మాట చెప్పేది ఫీజు తీసుకునే సంస్థే అయితే, నిరుడు తమ దగ్గర చేరిన వాళ్లందరిలో ఎంతమందికి కన్వీనర్ కోటా సీటు వచ్చిందని అడగండి. హోర్డింగు మీద పేర్లున్నవాళ్ల లెక్క కాదు, చేరినవాళ్ల లెక్క. ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ గురించీ ఇదే ప్రశ్న. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు 1,80,200 మంది, అర్హత సాధించినవాళ్లు 48,248, ఐఐటీ సీట్లు 17,740. పదకొండేళ్ల పిల్లాణ్ణి చూసి ఆ 17 వేలలో ఉంటాడని చెప్పగల విద్య ఎవరి దగ్గరా లేదు. అమెరికాలో హార్వర్డ్ నూటికి సుమారు నలుగురినే తీసుకుంటుంది, ఎవరిని ఎందుకు తీసుకుందో బయటికి తెలియదు. అక్కడ అంచనా ఊహగానమని అమెరికాలోని మన తల్లిదండ్రులకు తెలుసు. ఇక్కడ ర్యాంకు అనే అంకె ఉంది గనుక జోస్యం కూడా అంత కచ్చితమని మనం పొరపడుతున్నాం.

ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ముందు పిల్లల చేత, ర్యాంకు సంగతి పక్కన పెట్టి, ఇష్టమైన వరసలో కాలేజీలూ బ్రాంచీలూ రాయించండి. ఆ వరస మార్చకండి. ఆ తర్వాతే నిరుటి కాగితాలు తెరిచి, జాబితా అడుగున ఖాయమైనవి చేర్చండి. రెండో విడతలో మాత్రం చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగనుకున్నవే పెట్టండి. అక్కడ కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు.